బేస్ బాక్సుల వెనక

శామీర్‌పేట చెరువు దాటినా డీసీఎం క్యాబిన్‌లో పాట మోగలేదు. వెనక బాడీలో ఎనిమిది బేస్ బాక్సులు, నాలుగు టాపులు, ఆంప్లిఫయర్ల ర్యాకు, లైట్ల పెట్టెలు, వాటి మీద తాళ్లతో బిగించిన టార్పాలిన్, ఆ వెనక ట్రాలీ మీద జనరేటర్. ఊరంతా ఊగిపోవడానికి సరిపడా సరంజామా. ముందు మాత్రం ఇంజను రొద తప్ప ఏమీ లేదు. స్టీరియో మీదికి చెయ్యి చాపిన డ్రైవర్‌ను ఓనరు కళ్లతోనే ఆపాడు. "పొద్దుమూకినంక ఎట్లయినా మోగుడే. గప్పటిదాక చెవులకు జర సెలవియ్యి" అన్నాడు.

డీజే వాళ్లంటే నాకు మంచి అభిప్రాయం లేదు. మా వీధిలో వినాయకుడు కదిలిన ప్రతిసారీ కిటికీ అద్దాలు వణుకుతాయి, పక్కింటి ముసలావిడ గుండె పట్టుకుని వెనక గదిలోకి పోతుంది. అయినా పెళ్లి బరాత్‌లో వందల మందిని మూడు నాలుగు గంటలపాటు ఒక దారిన నడిపించి, కొట్లాట లేకుండా ఇంటికి చేర్చడం మాటలు కాదని కూడా తెలుసు. ఆ పని చేసే మనిషి పక్కన కూర్చుని చూడాలనిపించింది. తెలిసిన టెంట్ హౌస్ ఆయన ఈ బండి కుదిర్చాడు. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటి, హుస్నాబాద్ వైపు ఒక ఊళ్లో బరాత్. మర్నాడు కరీంనగర్‌లో సంగీత్.

ఓనరును జట్టులో అందరూ అన్న అంటారు. నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు టెంట్ హౌస్‌లో మైకుసెట్టు కట్టేవాడట. చెట్టు కొమ్మకు హారన్, బల్ల మీద ఆంప్లిఫయర్, పొద్దున్నే సుప్రభాతం. తర్వాత బ్యాండు వాళ్ల దగ్గర చేరి ప్యాడ్ వాయించాడు. పెళ్లిళ్లలో బ్యాండుకు గిరాకీ తగ్గి డీజేకు పెరుగుతున్న రోజుల్లో ఇంటి మీద అప్పు తెచ్చి బాక్సులు కొన్నాడు. ఇప్పుడు అల్వాల్ దగ్గర ఒక షెడ్డు, ఒక డీసీఎం, జీతాల మీద ఆరుగురు. డ్రైవర్, జనరేటర్ చూసే పెద్దమనిషి, లైట్ల పిల్లాడు, బాక్సులెత్తే ఇద్దరు అన్నదమ్ములు, వైర్లు చుట్టే ఒక కుర్రాడు. ఆ కుర్రాడికి ఇంటర్ మీద కన్నా ఈక్వలైజర్ మీద మనసెక్కువ.

తుర్కపల్లి దాటాక అన్న జేబులోంచి ఒక నోటుబుక్కు తీశాడు. పిల్లల లెక్కల పుస్తకం, అట్ట చిరిగింది. ప్రతి ఆర్డరుకూ ఒక పేజీ. పెళ్లికొడుకు పేరు, ఇంటిపేరు, ఊరు, అడ్వాన్సు, బాకీ ఉంటాయనుకున్నాను. ఉన్నాయి. వాటి కింద ఇంకో వరస ఉంది. బరాత్ ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు. కరెంటు తీగలు ఎక్కడ కిందికున్నాయి. దారిలో బడి, గుడి, మసీదు, దవాఖాన ఉన్నాయా. పచ్చి బాలింత ఉన్న ఇల్లు ఏది. ఈ నెలలో ఊళ్లో ఎవరైనా కాలం చేశారా. చివర రెండు పేర్లు: పైసలిచ్చేవాడు, మాట చెల్లేవాడు.

"ఇద్దరూ ఒకరు కారా?" అన్నాను.

"ఏడ సార్! పైసలిచ్చేటాయన బావమరిదో, దుబాయ్ నుంచి వచ్చిన తమ్ముడో ఉంటడు. రాత్రి తొమ్మిదింటికి లొల్లయితే ఆయన కనవడడు, కనవడ్డా ఆయన మాట ఎవలినరు. మాట నడిచేటాయన యాడ కుర్చీ ఏసుకుని కూసున్నడో నాకు ముందే ఎరికుండాలె."

పెద్ద కంపెనీల్లో మేనేజర్లకు శిక్షణ తరగతులు పెట్టి చెప్పే విషయాన్ని ఆయన చిరిగిన నోటుబుక్కులో ఒక గడిగా గీసుకున్నాడు.

ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగుతుంటే సంగతి చట్టం మీదికి మళ్లింది. ఆయనకు అంకెలన్నీ కంఠతా వచ్చు. పోలీస్ స్టేషన్‌లో అంతసేపు కూర్చుంటే ఎవరికైనా వస్తాయంటాడు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ బంద్. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వొచ్చు. 2005లో సుప్రీంకోర్టు ఈ రాత్రి హద్దును గట్టిగా నిలబెట్టింది.

ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకున్నా 60 డెసిబెల్స్ దగ్గరికి పోతుంది. అంటే 55 దాటకుండా బరాత్ జరగాలంటే మౌనవ్రతం పట్టిన పెళ్లివారు కావాలి. పది గంటల హద్దును పోలీసు చూడగలడు, గడియారం అందరికీ ఉంది. డెసిబెల్ హద్దు మాత్రం ఎవరూ కొలవరు, కొలిస్తే ఎవరూ మిగలరు. ఈ రెండింటి మధ్య ఉన్న జాగా అంతా డీజే చేతిలోనే ఉంది. ఎంత పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది అతని ఇష్టం, అతని బుద్ధి.

ఆ బుద్ధి లేని చోట ఏమవుతుందో చూశాం. 2024 సెప్టెంబరులో వినాయక నిమజ్జనాలు, మిలాద్ ఉన్ నబీ ఊరేగింపులు అయ్యాక హైదరాబాద్ పోలీసులు అన్ని మతాల పెద్దలనూ, పార్టీల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడారు. అక్టోబరు మొదట్లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండును నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. బాణసంచా కూడా అందులోనే పోయింది. ఎవరో కావాలని తమ పొట్ట కొట్టారని చాలామంది డీజేలు వాపోయారు. అన్న అలా అనలేదు. "మేం ఆపుకుంటే వాళ్లు ఆపకపోదురు" అని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

పోటీ ఎలా ముదిరిందో ఆయన చెప్పిన లెక్క కొంచెం చూడాలి. సౌండు మూడు డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్లిఫయర్ పవరు రెట్టింపు చెయ్యాలి. వినేవాడికి "డబుల్ అయింది" అనిపించాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అంటే పవరు పదింతలు. పక్క మండలం వాడు రెట్టింపు పవరు పెట్టాడని నువ్వూ అప్పు చేసి పెడితే, ఊరివాళ్లకు తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. వడ్డీ మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. అయినా "మా బండికి ఎన్ని బాక్సులు" అన్నదే రేటు నిర్ణయించే మాట అయిపోయింది.

సిద్దిపేట ఊరు తగలకుండా బైపాస్ మీంచి హుస్నాబాద్ రోడ్డు పట్టాం. యాసంగి కోతలైపోయాయి. రోడ్డు అంచున వడ్లు ఆరబోసి రాళ్లు పేర్చారు, టార్పాలిన్లు కప్పిన కుప్పల దగ్గర మంచాలేసుకుని రైతులు కాపలా పడుకున్నారు. వడ్ల మీద టైరు పోకుండా డ్రైవర్ బండిని సగం మట్టిలోకి దింపి నడిపాడు. ఎదురుగా వచ్చిన ఇంకో డీజే బండి అలా దిగలేదు. జనరేటర్ పెద్దమనిషి కిటికీలోంచి ఉమ్మి, "గీళ్లతోటే మనకు బద్నాం" అన్నాడు.

నాలుగు గంటలకు ఊళ్లో దిగాం. బాక్సులు దించుతారనుకున్నాను. ముందు దారి నడిచారు. హనుమాండ్ల గుడి నుంచి పెళ్లికొడుకు ఇంటిదాకా అరకిలోమీటరుకు కాస్త ఎక్కువ. వైర్ల కుర్రాడు బండి ఎత్తు కొలిచిన తాడు పట్టుకుని ముందు నడుస్తుంటే అన్న ప్రతి స్తంభం దగ్గరా తలెత్తి చూశాడు. రెండుచోట్ల తీగ కిందికి వేలాడుతోంది. వెదురు కర్రతో తీగను ఎత్తి పట్టుకుని బండిని కిందనుంచి పోనివ్వడం చాలా ఊళ్లలో చూశాను, పిల్లలే చేస్తారు. ఇక్కడ అది కుదరదన్నాడు. లైన్‌మన్‌కు ఫోన్ చేయించి, బరాత్ ఆ మలుపుకొచ్చే వేళకు లైను బంద్ పెట్టాలని మాట తీసుకున్నాడు. పై వరస లైట్లు కూడా విప్పించేశాడు. లైట్ల పిల్లాడి మొహం చిన్నబోయింది, అవి కొత్తవి. "రామంతాపూర్ యాదికి లేదారా?" అని ఒక్కమాట అన్నాడు, వాడు నోరెత్తలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు.

పెళ్లివారు డీజేతో పాటు డప్పులను కూడా చెప్పారు. కులపెద్దల మర్యాద, తప్పదు. చాలాచోట్ల ఈ ఇద్దరికీ పడదు. డీజే మోగిందంటే డప్పు వినపడదు, డప్పు వాళ్లు కూలి తీసుకుని పక్కన నిలబడి ఇంటికి పోతారు. గుడి వెనక గడ్డి మంట వేసి డప్పులు కాస్తున్న జట్టు దగ్గరికి అన్న తనే పోయాడు. జట్టు పెద్ద అరవై దాటినాయన. చర్మం మీద సిటికెన పుల్లతో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకా బిగువు రాలేదని మళ్లీ మంట మీదికి వంచాడు. ఆ తట్టడం, వినడం, వంచడం ఆయన ఎన్నిసార్లయినా చేసేలా ఉన్నాడు. అన్న చెప్పులిడిచి పక్కన గొంతుకూర్చున్నాడు.

"కాకా, మొదలు మీది, ఆఖరు మీది. నడుమ నాది. ఇంటి గల్లీల నా బండి పట్టది. అక్కడికెళ్లి పందిరి దాక మీరే తోల్కపోవాలె."

"బండి పట్టది గనుక ఇస్తున్నవా, ఇయ్యాల్నని ఇస్తున్నవా?" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"రెండు."

సౌండు బండి మన ఊళ్లకే సొంతం కాదు. జమైకాలో 1950ల నాటికే కింగ్‌స్టన్ వీధుల్లో ఇలాంటి బండ్లుండేవి. సౌండ్ సిస్టం అనేవారు. ఓనరు ఒకడు, రికార్డులు ఎంచేవాడు ఒకడు, మైకు పట్టి జనాన్ని హుషారు చేసేవాడు ఇంకొకడు, బాక్సులు మోసే పిల్లలు కొందరు. రెండు బండ్లు ఎదురెదురు నిలబడి పోటీ పడటం అక్కడా ఉంది, కొట్లాటలు అక్కడా అయ్యాయి. ఆ ఊళ్లో పుట్టి అమెరికా చేరిన కూల్ హెర్క్ అనే కుర్రాడు 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, చెల్లెలు పెట్టిన పార్టీకి పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజు అని దాన్నే చెప్పుకుంటారు. జనం ఏ ముక్కకు ఎగురుతున్నారో కనిపెట్టి ఆ ముక్కనే రెండు రికార్డుల మీద పొడిగించడం అతని పనితనం. చేతుల కన్నా ముందు కళ్లు పనిచేశాయన్నమాట. మన డీసీఎంల వాళ్లకు ఆ కథ తెలియదు. దారి మాత్రం అదే.

బరాత్ ఆరింటికన్నారు, ఏడున్నరకు కదిలింది. అది మామూలే, దాన్నీ లెక్కేసుకునే ముగింపు తొమ్మిదిన్నరకు రాసుకున్నాడు. డప్పుతో మొదలై, బొడ్రాయి దగ్గర డీజే అందుకుంది. మొదటి బేస్ నా కడుపులో తగిలింది. నేను కన్సోల్ వెనక, బాక్సుల వీపున నిలబడ్డాను. అక్కడ కొంత నయం. ముందుకు పోతే మాట వినపడదు, పక్కవాడి పెదాలు కదలడమే కనిపిస్తుంది.

అన్న పాట మీద కన్నా కాళ్ల మీద ఎక్కువ చూపు పెట్టాడు. ముందు వరసలో ముసలివాళ్లు ఉన్నంతసేపు పాత సినిమా పాటలు, వాళ్లు అలిసి అరుగుల మీదికి జరిగాక జానపదాలు, మలుపు దగ్గర తీన్మార్. ఆ తీన్మార్ అడుగు హైదరాబాద్ మర్ఫాలోది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా ఉన్న సిద్దీలు, బార్కస్ అరబ్బులు మోగించిన దరువు పాతబస్తీ పెళ్లిళ్లలోంచి పల్లె బరాత్ దాకా నడిచొచ్చింది. మిక్సర్ మీద ఆకుపచ్చ దీపాల పైన ఒక ఎర్ర దీపం ఉంటుంది. కన్సోల్ తన చేతిలో ఉన్నంతసేపు అన్న దాన్ని ఒక్కసారి కూడా వెలగనివ్వలేదు. "ఎర్రది వెలిగితే సౌండు పెరగది సార్, పలుగుతది. మందికి తెల్వది, పెరిగిందనుకుంటరు. చెవికి తెలుస్తది, స్పీకర్‌కు తెలుస్తది."

నేను ఊహించనిది ఒకటి అక్కడ అర్థమైంది. జనాన్ని నడిపేది పాట కాదు, బండి. పాట ఎంత బాగున్నా బండి ఆగిన చోటే ఆట ఆగుతుంది, బండి కదిలితే జనం కదులుతారు. అన్న చేతిలో చిన్న టార్చి ఉంది. ఒకసారి వెలిగిస్తే డ్రైవర్ కదలాలి, రెండుసార్లయితే ఆగాలి. డ్రైవర్ పాట వినడు, అద్దంలో టార్చినే చూస్తాడు.

దాని విలువ పెద్దబావి మలుపులో తెలిసింది. పెళ్లికొడుకు స్నేహితులు నలుగురు తాగి వచ్చి ఒక పాట అడిగారు. అడిగిన పాటలో తప్పేమీ లేదు, అడిగిన చోటులో ఉంది. పక్కనున్నది పెళ్లికొడుకు పాలివాళ్ల ఇల్లు, భూమి పంచాయితీ నడుస్తోంది. ఆ గుమ్మం ముందు ఆ పాట మోగితే లోపలివాళ్లకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంటుంది. ఒకడు ఐదొందల నోటు కన్సోల్ మీద పెట్టాడు. అన్న నోటు ముట్టుకోలేదు. "గా ఫోల్డర్ ఓపెన్ అయితలేదు తమ్మీ, పెన్‌డ్రైవ్ కరాబయింది" అని, అందరికీ కాలు ఆగని ఇంకో పాట వేసి టార్చి ఒకసారి వెలిగించాడు. బండి కదిలింది. ఆడవాళ్ల గుంపు బండితో కదిలింది, పిల్లలు కదిలారు. ఆ నలుగురూ ఒక నిమిషం ఖాళీ రోడ్డు మీద నిలబడి, వెనక పడిపోతామని పరుగెత్తుకొచ్చారు. నోటు గాలికి ఎగిరితే వైర్ల కుర్రాడు తీసి ఇచ్చేశాడు.

అబద్ధం చెప్పాడు కదా అని నాకు ఇబ్బందేమీ అనిపించలేదు. కాదు అని మొహం మీద చెప్పి ఉంటే పంతం పుట్టేది. పనిలో కాదనడం అందరికీ వచ్చు. అవతలివాడు ఓడిపోయినట్టు కాకుండా కాదనడం కొందరికే వస్తుంది.

ఇంకోచోట అబద్ధం పనికిరాలేదు. ఆడవాళ్లు వలయం కట్టి ఆడుతుంటే ముగ్గురు లోపలికి చొరబడ్డారు. అన్న పాటను ఒక్కసారిగా కట్ చెయ్యలేదు. ముందు బేస్ తీసేశాడు, గొంతు మాత్రం మిగిలింది, తర్వాత అదీ పలచబడింది. మైకులో మెల్లగా, "అన్నలారా, అక్కచెల్లెండ్లు ఆడుతుండ్రు, జర ఎనుకకు జరుగుండ్రి. జాగ అయినంక పాట" అన్నాడు. అంతే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జాగా అయ్యేదాకా పాట రాలేదు. వాళ్లను జరిపింది ఆయన కాదు, పాట కోసం ఎదురుచూస్తున్న ఊరు. అక్కడే పైసలిచ్చిన తమ్ముడు ఫోనెత్తి వీడియో తీస్తుంటే, లైట్ల పిల్లాడు కూడా తియ్యబోయి అన్న వైపు చూసి జేబులో పెట్టుకున్నాడు. 2021లో మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు ఆడిన వీడియో దేశమంతా తిరిగాక, ప్రతి డీజే బండికీ ఇన్‌స్టా పేజీ వచ్చింది. ఈ బండికీ ఉంది. అందులో బాక్సులు, లైట్లు, పొగ తప్ప ఆడవాళ్లు ఉండరు, ఇంటివాళ్లు తామే అడిగి పెట్టించుకుంటే తప్ప.

గుండె జబ్బు మనిషి ఉన్న ఇల్లు నోటుబుక్కులో రాసి ఉంది. అక్కడికి యాభై గజాల ముందే అన్న కన్సోల్‌ను వైర్ల కుర్రాడికి అప్పగించి ఆ ఇంటికి నడిచాడు. కుర్రాడికి అది పెద్ద పండగ. వెనకనుంచి దోస్తులు ఈల వేయగానే వాడి చెయ్యి బేస్ మీదికి పోయింది, ఎర్ర దీపం మొదటిసారి మిణుకుమంది. అన్న వెనక్కి తిరిగి అరవలేదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన పక్కన తనూ కూర్చుని కుర్రాడి కళ్లలోకి చూశాడు. వాడు తగ్గించాడు. ఆ ఇల్లు దాటేదాకా పాట ఒక ట్రాన్సిస్టర్ అంత సౌండుతో నడిచింది. జనం గొణిగారు, ఎవరో "కరెంటు పోయిందా" అని అరిచారు. మాట చెల్లే మేనమామ కుర్చీలోంచి లేచి చెయ్యి ఊపాక సద్దుమణిగింది. ఆ కుర్చీ ఎక్కడుందో అన్నకు సాయంత్రమే తెలుసు.

తొమ్మిది ముప్పైఐదుకు గల్లీ మొదట్లో బండి ఆగింది. డప్పుల పెద్ద ముందుకొచ్చి సిర్ర ఎత్తాడు. పందిరి దాకా ఆయనదే రాజ్యం. పెట్రోలింగ్ బండి వచ్చేసరికి మనవాళ్లు వైర్లు చుడుతున్నారు. పైసలిచ్చిన తమ్ముడు మాత్రం "పదకొండు దాక అనుకున్నం గదా" అని బాకీలో కొంత పట్టుకున్నాడు. అన్న రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. నాకైతే కోపమొచ్చింది. ఆయనకూ వచ్చింది, కాకపోతే నోటుబుక్కులో ఆ పేజీ మీద చుక్క పెట్టి సరిపుచ్చుకున్నాడు. ఆ చుక్క ఉన్న ఇంటిపేరుకు మళ్లీ బండి కట్టడట.

సామాను ఎక్కేదాకా ఎవరూ మందు ముట్టకూడదు. బాక్సు ఒక్కోటి ఇద్దరు మోయలేక మోసే బరువు, జారితే కాలు పోతుంది. ఎక్కాక ఎవరిష్టం వాళ్లది, డ్రైవర్‌కు తప్ప.

నిద్రపట్టక క్యాబిన్‌లో కూర్చుని ఉంటే అన్న చెవుల్లోంచి చిన్న రబ్బరు బిరడాలు తీశాడు. రాత్రంతా ఉన్నాయని నేను గమనించనేలేదు. ఎడమ చెవిలో ఎప్పుడూ గుయ్యిమంటుందట, పాత రోజుల బహుమానం. 85 డెసిబెల్స్‌లో మనిషి ఎనిమిది గంటలు పనిచెయ్యొచ్చు, అక్కణ్నించి మూడు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికొస్తే పావుగంటే. ఈ పిల్లలు ఒక్క సీజన్‌లో ఎన్ని పావుగంటలు నిలబడతారో లెక్కేస్తే భయమేస్తుంది. ఆరుగురికీ బిరడాలు కొనిచ్చాడు. పెట్టుకునేది జనరేటర్ పెద్దమనిషి ఒక్కడే, ఆయనకు సౌండంటే ఎలాగూ ఇష్టం లేదు.

మర్నాడు అలుగునూరు దాటి మానేరు వంతెన మీంచి కరీంనగర్ చేరాం. ఫంక్షన్ హాల్లో సంగీత్. ఇక్కడ అన్నది సౌండు కిరాయి మాత్రమే, డీజే వేరే. వచ్చింది పాతికేళ్ల అమ్మాయి. వీపున బ్యాగులో కంట్రోలర్, లాప్‌టాప్, అవే పాటలతో రెండు పెన్‌డ్రైవ్‌లు. హాలు మేనేజరు ఆమెనే అడిగాడు: "డీజే అన్న ఎప్పుడొస్తడమ్మా?" ఇది ప్రతి హాల్లో ఉండేదేనట. ఆమె జవాబు చెప్పకుండా స్టేజీ ఎక్కి మైకులో తన పేరు, పని చెప్పి టెస్టింగ్ మొదలుపెట్టింది.

నాలుగు గోడల మధ్య, ఏసీలో, పని ఇంకో రకం. ఫోన్లో నిమిషాల లెక్కన కార్యక్రమం ఉంది. ఏ పిన్నిగారి డాన్సు ఎప్పుడు, ఆవిడ పాట ఏ ముక్క నుంచి మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి. పాట మధ్యలో ఒక పిన్నిగారు అడుగు మర్చిపోయి నిలబడిపోతే, ఆ అమ్మాయి అదే ముక్కను మళ్లీ తిప్పి ఆవిడకు అందించింది. హాల్లో ఎవరికీ తెలియలేదు. హెర్క్ చేసిన పనే ఇది, కాకపోతే పట్టుచీర కోసం. బేస్ ఎక్కువైందని అన్నకు రెండుసార్లు సైగ చేసింది. నిన్న ఊరిని నడిపిన మనిషి ఇవాళ మారుమాట లేకుండా తగ్గించాడు. వైర్ల కుర్రాడు గొణగబోతే, "ఇయ్యాల ఆమె చెప్పినట్టే" అన్నాడు.

పాటల హక్కుల సంగతి ఆమెనే అడిగాను. కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద పెళ్లికి, పెళ్లి ఊరేగింపుకు, పెళ్లితో ముడిపడ్డ వేడుకలకు మినహాయింపు ఉంది. హోటల్లో డిసెంబర్ 31 రాత్రి టికెట్ పెట్టి వేస్తే లేదు, లైసెన్సు కట్టాలి. ఆ తేడా తెలియక పెళ్లివారిని భయపెట్టి డబ్బు లాగేవాళ్లూ, హోటల్లో అదే మినహాయింపు చెప్పి తప్పించుకునేవాళ్లూ ఉన్నారంది. తను ఒప్పంద పత్రంలో ఈ మాట కూడా రాస్తుంది. అన్న ఆ కాగితం అడిగి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో సిద్దిపేట ఇవతల ఒక హోటల్ ముందు డీసీఎంలు వరసగా ఆగి ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవారుజామున అదే వాళ్ల అడ్డా. ఏడెనిమిది మంది ఓనర్లు, ఎర్రబడ్డ కళ్లు, పూరీలు. వడ్ల మీంచి బండి నడిపినవాడూ అందులో ఉన్నాడు. జనరేటర్ పెద్దమనిషి అతని పక్కన కూర్చోలేదు. డీజిల్ ధర దగ్గర మొదలైన మాట బరాత్ రేటు మీదికి వచ్చింది. ఇంతకు తక్కువ ఎవరూ ఒప్పుకోవద్దని ఒకాయన ప్రతిపాదించాడు. పూరీ ప్లేటు ఖాళీ అయ్యేలోపు అందరూ సరేనన్నారు, ఒకరి చేతిలో ఒకరు చెయ్యేసి ఒట్టు కూడా పెట్టుకున్నారు.

అప్పుడు అన్న తన మాట తెచ్చాడు. బాక్సులు ఇన్నే, దవాఖాన ముందు బంద్, తొమ్మిదిన్నరకు ఆపుడు, అందరూ ఒకటే పద్ధతి. ఒక బండి ఆపితే ఆ ఓనరుకు బద్నాం, అన్ని బండ్లూ ఆపితే అది మామూలు సంగతి అయిపోతుందని ఆయన లెక్క. ఇద్దరు తలూపారు. ఒకాయన, తన ఊళ్లో ఎమ్మెల్యే మనుషులే పన్నెండు దాకా మోగించమంటారని చెప్పాడు. పడుచువాడొకడు, "నువ్వు ఆపితే నీ గిరాకీ నాకొస్తది, ఆపు అన్నా" అని నవ్వాడు, మిగతావాళ్లూ నవ్వారు. వడ్ల బండి ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అన్న ఇంకో చాయ్ చెప్పాడు. ఆ పడుచువాడిని పక్కన కూర్చోబెట్టుకుని, కరీంనగర్ అమ్మాయి ఒప్పంద పత్రాన్ని ఫోన్లో తీసి ఒక్కో లైనూ చదివి చూపించడం మొదలుపెట్టాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు, గజ్వేల్‌లో పదకొండింటికి ఎదుర్కోళ్లు ఉన్నాయి. "ఐదు నిమిషాలు" అని చెయ్యి చూపించి అన్న మూడో లైను దగ్గరే ఉన్నాడు.